ఊ కొట్టేవాడు

నాచారంలో కరెంటు పోవడం వార్తేమీ కాదు. ఆ వేసవిలో సాయంత్రమయ్యేసరికి పోయేది, ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. ఉప్పల్లో మెట్రో కోసం రోడ్డంతా తవ్విపోశారు. ఆ దుమ్ము తిని, బడిలో పిల్లలకు సంధులు చెప్పి గొంతు పోగొట్టుకుని ఇల్లు చేరితే ఫ్యాను కూడా తిరగదు. నాది డాబా మీద ఒంటి గది. గది బయట కుర్చీ వేసుకుని, కొవ్వొత్తి వెలిగించుకుని నవల రాసుకునేదాన్ని.

నవ్వకండి. తెలుగు టీచరు నవల రాయడంలో వింతేముంది? కాకపోతే నా నవల యుద్ధం అయిపోయాక మొదలవుతుంది. రాజులిద్దరూ చచ్చారు. బతికిన సైనికులు ఇళ్ళకు నడుస్తున్నారు. వాళ్ళ నీడల్ని రాజులు ముందే పన్ను కింద వసూలు చేసుకున్నారు. నీడల్లేని వాళ్ళని ఊరి కుక్కలు గుర్తు పట్టవు, దారులు దారివ్వవు. వాళ్ళలో కేతన అనే కుర్రాడు వాళ్ళమ్మ దగ్గరికి బయల్దేరాడు. చేరతాడో లేదో నాకే తెలియదు.

ఆ నవలకు ఉన్న ఒకే ఒక్క శ్రోత దుర్గేష్. కింది గదిలో వాళ్ళమ్మ వెంకటనర్సమ్మతో అద్దెకుండేవాడు. జనగామ వైపు వాళ్ళు. ఇక్కడ ఒక మందుల ఫ్యాక్టరీలో పని. డ్యూటీ దిగి, స్నానం చేసి, వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. ఎంత సబ్బు రుద్దినా ఒంటి మీంచి ఆ రసాయనాల ఘాటు పోయేది కాదు. నేను చదువుతుంటే చిన్నపిల్లాడిలా వాక్యం వాక్యానికీ "ఊ" కొట్టేవాడు. ఆపితే ఒకటే గొడవ.

"గా కేతనన్న ఇంటికి పోయిండా లేదా, గది జెప్పున్రి మేడం."

"రాస్తేగా తెలిసేది!"

"జర జల్ది రాయున్రి. ఆళ్ళమ్మ ఎదురు సూస్తుంటది గద."

జూన్ మొదట్లో ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలింది. దుర్గేష్‌ని తెల్లగుడ్డలో చుట్టి తెచ్చారు. ఒక్కసారి మొహం చూపించమని నర్సమ్మ అందరి కాళ్ళూ పట్టుకుంది. ఎవరూ గుడ్డ విప్పలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. మటనూ, గుడ్లూ, కల్లూ అన్నీ పెట్టారు. కాకి గోడ మీద కూర్చుని చూస్తోంది తప్ప దిగదు. దుర్గేష్ మేనమామ కనకరాజు చేతులు జోడించాడు. "మీ అమ్మను నేను సూసుకుంటరా. ఫికర్ జేయకు." దిగలేదు. నర్సమ్మ మట్టిలో కూలబడి "ఏం గావాల్రా కొడుకా" అని ఏడుస్తోంది. ఆ ఏడుపు తట్టుకోలేక నోరు జారాను.

"కథ పూర్తి చేస్తాను దుర్గేష్. నీకు చదివి వినిపిస్తాను."

కాకి దిగి అన్నం ముట్టింది.

మాట ఇచ్చాక తప్పుతుందా? ఆ వారంలోనే ఒక సాయంత్రం, కరెంటు పోయాక, కాగితాలు తీశాను. నర్సమ్మ వచ్చి గోడకు చేరబడింది. కొవ్వొత్తి పొగ నిటారుగా లేస్తోంది. ఆకు కదలడం లేదు. కేతన ఆగిపోయిన చోటు వెతుక్కుని ఒక వాక్యం చదివాను.

"ఊ."

కొడుకు బదులు తల్లి కొడుతోంది కాబోలు, పాపం, అనుకున్నాను. ఇంకో వాక్యం చదివాను.

"ఊ."

గొంతు బొంగురుగా ఉంది. తలెత్తి చూశాను. నర్సమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

"నేననలే టీచరమ్మా..." అంది గుసగుసగా.

మెట్ల మీద ఎవరూ లేరు. ఘాటు వాసన మాత్రం ఉంది. నాచారంలో గాలి మళ్ళితే ఆ వాసన ఎప్పుడూ వచ్చేదే. కానీ ఆ రోజు అందులో సబ్బు వాసన కూడా ఉంది.

లేచి పారిపోదామనుకున్నాను. నర్సమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"సదువు బిడ్డా. కత అయిపోగొట్టకు. అయిపోతే పోతడు."

ఆ తల్లి కోసం కేతనను అష్టకష్టాలు పెట్టాను. లేని నదులు అడ్డం పెట్టాను, కొండలు ఎక్కించాను, దారులు తప్పించాను. రోజూ సాయంత్రం నేను చదవడం, మెట్ల మీంచి "ఊ" రావడం. నర్సమ్మ మొహం తిరిగి తేటపడింది. మెట్ల దగ్గర చెంబుతో నీళ్ళు కూడా పెట్టేది. నాకు మాత్రం వెన్ను వెనక చల్లగానే ఉండేది. రానురాను ఆ గొంతు మారింది. "ఊ" ముందు ఎగశ్వాస... తర్వాత గరగర... లోపలెక్కడో కాలిపోయిన చోటి నుంచి ఈడ్చుకొస్తున్నట్టు... ఒక రోజు ఆ "ఊ" సగంలో దగ్గుగా మారి, చాలాసేపు ఆగలేదు.

నర్సమ్మ చెవులు మూసుకుంది. దగ్గు ఆగాక చేతులు దించింది.

"సాలు బిడ్డా. నడిసి నడిసి అలిసిండు. ఇంటికి తోలు."

కొడుకును ఆమె రెండోసారి పోగొట్టుకుంటోంది. ఈసారి తనే సాగనంపుతోంది. ఆ రాత్రి నేను రాస్తూ ఏడ్చాను, ఏడుస్తూ రాశాను. మర్నాడు సాయంత్రం చదివాను. కేతన ఇల్లు చేరాడు. తలుపు కొట్టాడు. అమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాడు. ఇక ఎప్పటికీ ఆ ఇల్లు విడిచి ఎక్కడికీ పోలేదు.

"ఊ" రాలేదు. ఘాటు వాసనా లేదు, సబ్బు వాసనా లేదు. నర్సమ్మ నన్ను కావలించుకుంది.

ఇక ఇక్కడెందుకని, పొద్దున్నే కనకరాజు వచ్చి అక్కను ఊరికి తీసుకుపోయాడు. ఆమె గదికి తాళం వేసి, తాళంచెవి నా చేతికిచ్చింది.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ కింద తలుపు చప్పుడైంది. ఎవరో కొట్టారు. ఆగి, మళ్ళీ మెల్లగా కొట్టారు. ఓనరేమో అనుకుని దిగాను.

ఎవరూ లేరు. నర్సమ్మ గదికి తాళం వేసింది వేసినట్టే ఉంది. గడప మాత్రం తడిసి ఉంది. అప్పుడే ఎవరో కాళ్ళు కడుక్కున్నట్టు... దగ్గర్లో కొళాయి కూడా లేదు. నేను రాసిన చివరి వాక్యం గుర్తొచ్చింది: ఇక ఎప్పటికీ ఆ ఇల్లు విడిచి ఎక్కడికీ పోలేదు.

చేతిలో సెల్ మోగింది. నర్సమ్మ.

"మంచిగ చేరిన బిడ్డా. నాకు ఒక్కటే గుబులు. మావోడు మంచిగ పోయిండు గద? ఇగ ఆనికేం బాధ లేదు గద?"

ఏం చెప్పను? నీ కొడుకు ఇంటికొచ్చాడు, నువ్వు లేవు అని ఏ నోటితో చెప్పను?

"ఊ," అన్నాను.

"ఊ," అన్నారు తాళం వేసిన తలుపు లోపలి నుంచి.

ఫోన్లో నర్సమ్మ ఊపిరి ఆగింది. తర్వాత, చాలా మెల్లగా...

"నీ పక్కకెవరున్నరు బిడ్డా?"