అచ్చుకు ఇవ్వని వ్యాసం

పొద్దున ఎనిమిదిన్నర నుంచి అమ్మడు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. ముందుగది నుంచి వంటగదికి, వంటగది నుంచి ముందుగదికి. చేతిలో ఫోను, నోట్లో గోరు. బడి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం మానేసి, ఇకమీదట రాసుకునే బతుకుతానని ఇంట్లో ప్రకటించి నాలుగు నెలలైంది. పత్రికలకు పద్దెనిమిది వ్యాసాలు పంపితే పదిహేడు తిరిగొచ్చాయి. మిగిలిన ఆ ఒక్కటీ ఇవాళ ఒక వారపత్రిక ఒప్పుకుంది. పది గంటల్లోగా సరిచూసుకుని, "అచ్చుకు ఇవ్వండి" అని జవాబు పెడితే చాలు. పెట్టేయొచ్చుగా? ఎందుకో ఆవిడగారికి వేలు కదలడం లేదు.

"ఆ తిరుగుడేంటే తల్లీ, చూడలేక నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది తల్లి, గుండీల డబ్బా ముందేసుకుని.

తండ్రి దర్జీ. ముందుగదే ఆయన కొట్టు. ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఒక పద్ధతి ఉంది. రాసిన కొలతలు రాసినవాళ్లే చూసుకుంటే లాభం లేదు. రెండో మనిషి పైకి చదవాలి, ఆ తర్వాతే గుడ్డమీద కత్తెర పడాలి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న అలవాటు కదా, అమ్మడి చేయి దానంతటదే ముందుకెళ్లింది.

"ఒక్కసారి చదివిపెట్టవే అమ్మా."

ఫోను తల్లి చేతికి వెళ్లాకగానీ అందులో ఏం రాసిందో గుర్తుకు రాలేదు. అప్పటికే ఆవిడ కళ్లజోడు సర్దుకుని, నడుము ముప్పైనాలుగు, చేయి ఇరవైమూడు అని చదివే గొంతుతో మొదలుపెట్టేసింది. మిషను దగ్గర తండ్రి మురిసిపోతూ వింటున్నాడు. తన కొట్టు గురించి, తను కుట్టిన పెళ్లికోట్ల గురించి కూతురు ఎంత చక్కగా రాసింది!

"సాయంత్రం నాన్న నడకకు వెళ్లగానే అమ్మ..."

తల్లి గొంతు అక్కడ టక్కున ఆగిపోయింది.

"ఆపేశావేం?" అన్నాడు తండ్రి.

"కళ్లజోడు మసకేసింది," అని ఆవిడ లేచి, కూతురి రెక్క పట్టుకుని వంటగదిలోకి లాక్కెళ్లింది.

వ్యాసంలో ఆ తర్వాత ఉన్నది ఇదీ. ఏడాదిగా తండ్రి చేతులు వణుకుతున్నాయి, కుట్లు వంకర పోతున్నాయి. ఆయన అలా బయటికి వెళ్లగానే తల్లి ఆ కుట్లన్నీ విప్పి, మళ్లీ తిన్నగా కుట్టి పెడుతోంది. పాపం ఆయనకేమీ తెలియదు.

"అది తీసెయ్," అంది తల్లి గొంతు తగ్గించి.

"తీసేస్తే ఇంకేం మిగులుతుందమ్మా? అది నచ్చే ఒప్పుకున్నారు."

"మీ నాన్నకి తెలిస్తే మళ్లీ కత్తెర ముట్టుకోడు."

"పేర్లు రాయలేదుగా."

"చేతులు వణికే దర్జీలు ఈ వీధిలో ఎంతమంది ఉన్నారేంటి?"

"నాలుగు నెలలుగా ఉద్యోగానికి పొమ్మని నసపెడుతున్నది నువ్వేగా. ఇన్నాళ్లకి ఒకటి చేతికందితే దాన్నీ లాక్కుంటావా?"

"రాసుకోవడానికి మా బతుకే దొరికిందా నీకు?"

ఇంతలో గుమ్మంలో నీడ పడింది. మెడలో టేపుతో తండ్రి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఏమో.

"నేను వేసిన కుట్టు నేను గుర్తుపట్టలేననుకున్నారా ఇద్దరూ?" అన్నాడు మెల్లగా. "పొద్దున్నే చొక్కా తీసి చూస్తే నీ కుట్టు కనబడుతూనే ఉందిగా."

"తెలిసీ ఎందుకు చెప్పలేదు?" అంది తల్లి.

"నువ్వెందుకు చెప్పలేదో నేనూ అందుకే. ఈమధ్య కుట్లు దూరం దూరంగా వేస్తున్నా, చూడలేదూ? విప్పేటప్పుడు నీ కళ్లకి శ్రమ తగ్గుతుందని."

"అయ్యో రాత! అవి చూసి, చేతులు మరీ పాడైపోయాయేమోనని నేను కుళ్లి కుళ్లి ఏడుస్తున్నా కదయ్యా," అంటూ ఆవిడ నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. చటుక్కున గోడవైపు తిరిగి కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"నాకేం అభ్యంతరం లేదు, పంపించవే. పది కావస్తోంది," అన్నాడు తండ్రి.

అప్పుడు అమ్మడి బుర్రలో మెదిలిన మొదటి ముక్క ఏమిటనుకున్నారు? అబ్బ, ముగింపు ఇలా మారిస్తే వ్యాసం ఎంత బాగుంటుంది! గోడవైపు తిరిగిన తల్లి వీపు ఎలా వణుకుతోందో దానికి తగిన మాట వెతుక్కుంటూ, తనని తనే పట్టుకుంది. కళ్లెదుట తల్లి ఏడుస్తుంటే తను నిలబడి మాటలు ఏరుకుంటోంది. ఇదే ఇంట్లో ఉంటూ, అన్నీ తనకే తెలిసినట్టు తండ్రిని ఏమీ ఎరగనివాణ్ణి చేసి రాసింది. వాళ్లిద్దరినీ ఒక్కమాట అడిగిన పాపాన పోలేదు.

పదికి ఐదు నిమిషాలుండగా జవాబు పెట్టింది. "క్షమించండి. ఈ వ్యాసం ఇవ్వలేను."

రెండు నిమిషాల్లో తిరుగు జవాబొచ్చింది. "సరే. ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేశాం." అంతే, ఇంకొక్క ముక్క లేదు. అమ్మడు నేలమీద చతికిలబడి భోరుమంది. తప్పు తనదేనని తెలిసినా, పోయింది పోయిందేగా మరి. నాలుగు నెలల ఎదురుచూపు.

తల్లి వచ్చి పక్కన కూర్చుంది. "ఉద్యోగం ఉద్యోగం అని ఎందుకు పోరుపెట్టానో తెలుసా? జీతం కోసం కాదే. నువ్వు రాతలో పడ్డాక మమ్మల్ని చూసే చూపు మారింది. నీ ముందు నోరు తెరవాలన్నా, కన్నీళ్లు పెట్టుకోవాలన్నా భయమేసేది."

"ఇంక రాయనులేమ్మా."

"రాయొద్దని ఎవరన్నారు? పంపకుండా ఆగగలిగావు చూడు, నాకు అది చాలు. ఇంకోటి రాయి. ఉద్యోగం మాట నేనింక ఎత్తను."

అని, ఆవిడ కొంగు కిందికి దించేసింది. చాలా రోజుల తర్వాత కూతురి ఎదుట ముఖం దాచుకోకుండా, తనివితీరా ఏడ్చింది. అమ్మడు ఏమీ చూడలేదు. తల్లిని గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది.