రాతి కెప్టెన్ గొంగడి

1969 జూన్‌లో తెలంగాణ ఉద్యమం నాటి హైదరాబాదు సంగతి అందరికీ తెలిసిందే. ఇవాళ బంద్ అంటే రేపు కర్ఫ్యూ. ప్రైవేటు డిటెక్టివ్ ముకుందం మెహదీపట్నంలోని తన ఆఫీసుకు తాళం వేసి, మొయినాబాదులోని సొంతింటికి వచ్చి కూర్చున్నాడు. దొంగలకు బంద్ ఉండదని ఆయన గట్టి నమ్మకం. చాలా రోజులుగా ఒక్క కేసూ రాకపోయేసరికి ఆ నమ్మకం కాస్త సడలింది. అసిస్టెంటు భిక్షపతికి మాత్రం ఏ దిగులూ లేదు. సారు ఊరికే కూర్చున్నా ఏదో గొప్ప విషయం ఆలోచిస్తున్నాడనుకునే రకం అతను. ఆ పొద్దున సారు ఆలోచిస్తున్నది టీలో చక్కెర తక్కువైందని.

అప్పుడే వాకిట్లో పాలబండి ఆగింది. అందులోంచి ఒకావిడ దిగి, చెప్పులు విడిచి, గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. చేవెళ్ల మిషన్ దవాఖానలో ఆయాగా పనిచేసే విమలమ్మ. కూర్చోమంటే కూర్చుని, వెంటనే విషయంలోకి వచ్చింది.

“సారు, మా తమ్ముణ్ని పోలీసులకు అప్పజెప్తమంటున్నరు. ఒక బొమ్మల పుస్తకం కోసం.”

“జర నిమ్మళంగా చెప్పమ్మా. ఏం పుస్తకం?”

ఆమె చెప్పింది. తమ్ముడు స్వామిదాసు చేవెళ్లలో రామలింగం సేటు పుస్తకాల దుకాణంలో పని చేస్తాడు. అక్కడ పుస్తకాలు అమ్మరు, చదువుకోవడానికి కిరాయికి ఇస్తారు. ఆ దుకాణానికి పేరు తెచ్చింది ఒక పాత అమెరికా కామిక్. అందులో వీరుడి పేరు కెప్టెన్ గ్రానైట్. ఒళ్లంతా రాయి, భుజాల మీద పొడుగాటి బట్ట. మిషన్ దవాఖాన డాక్టరు దొరగారి పిల్లవాణ్ని విమలమ్మే పెంచింది. వాడు తమ దేశం వెళ్లిపోతూ ఆ పుస్తకాన్ని ఆమె చేతిలో పెట్టిపోయాడు. తమ్ముడికి దుకాణంలో పని దొరికినప్పుడు ఆమె దాన్ని సేటుకు కానుకగా ఇచ్చింది.

“ఇప్పుడు అసలుది పోయింది, దాని జాగల ఇంకోటి ఉన్నది. తీసింది నీ తమ్ముడే అంటున్నడు సేటు. సాయంత్రం ఎస్సై వస్తడట. ఈ గడబిడల దినాలల్ల పోలీసోళ్ల చేతికి చిక్కిన పిల్లగాణ్ని ఒక్క కేసుతోనే విడుస్తరా సారు? రాళ్లేసిండంటరు, బస్సు తగలబెట్టిండంటరు. వానికి టీచరు ట్రైనింగుల సీటొచ్చింది. కేసు పడితే మా వాని బతుకు బుగ్గి అయితది.”

ముకుందం టీ గ్లాసు కింద పెట్టాడు. “దొంగతనం సంగతి మొదట చెప్పిందెవరు?”

“మా తమ్ముడే.”

“దొంగే పోయి దొంగతనం చెప్పిండా? భిక్షపతీ, స్కూటరు తియ్యి.”

బస్సులు లేని రోడ్డు మీద లాంబ్రెట్టా హాయిగా పరుగెత్తింది. అక్కడక్కడా అడ్డంగా పడేసిన రాళ్లను తప్పించుకుంటూ వాళ్లు చేవెళ్ల చేరారు. విమలమ్మ వెనకాల పాలబండిలో వచ్చింది.

దుకాణం చిన్నది. గోడల పొడవునా తాళ్లు కట్టి, వాటి మీద పుస్తకాలు బట్టలు ఆరేసినట్టు వేలాడదీశారు. ప్రతి పుస్తకానికీ ఖాకీ కాగితపు అట్ట, దాని మీద సిరాతో పేరు. ముందు పొడుగాటి బల్ల. ఆ ఏడాది బడులు మూతబడ్డాయి గనక బల్ల నిండా పిల్లలే. సేటుకు ఉద్యమం కలిసొచ్చిందని ఊళ్లో వాళ్లు వేళాకోళమాడేవాళ్లు.

రామలింగం సేటు చెయ్యి నొసటన పెట్టుకుని కూర్చున్నాడు.

“నా కొడుకు లెక్క చూసుకున్న వాణ్ని,” అన్నాడు. “తాలూకాల ఎవని దగ్గర లేని పుస్తకం. సిటీల ఒకాయన ఎప్పటిసంది అడుగుతున్నడు, నేనియ్యలే. దాన్ని తాడు మీంచి తీసి పెట్టేది నేను, వీడు. నేను తియ్యలే. ఇగ ఎవరు తీసినట్టు?”

“మారిందని ఎట్ల తెలిసింది?”

స్వామిదాసు ముందుకొచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఎర్రబడ్డాయి గాని మాట తొణకలేదు. “నేను రోజూ పిల్లలకు ఇంగ్లీషు చదివి తెలుగుల చెప్త సారు. నిన్న తెరిచి బొమ్మ చూపెట్టంగనే పిల్లలు లొల్లి పెట్టిన్రు. కెప్టెన్ గొంగడి ఎర్రగైంది అని.”

“గొంగడి?”

“వాని భుజాల మీది బట్ట. పిల్లలు గట్లనే అంటరు. మా పుస్తకంల అది ఆకుపచ్చ. ఇందులో ఎర్రది. కథ అదే, మాటలు అవే, బొమ్మలు అవే. రంగొక్కటే మారింది.”

భిక్షపతి నోరు తెరిచాడు. “రంగు దానంతటదే మారుతదా సారు?”

“మారదు,” అన్నాడు ముకుందం. “ఆ వీరుడు మొదట వచ్చినప్పుడు ఆకుపచ్చ గొంగడి కప్పుకున్నడు. తర్వాత పేరొచ్చి, ఎర్ర గొంగడికి మారిండు. ఆనాటి కథ దొరకడం లేదని జనం అడిగితే, ఆ కంపెనీవాళ్లు దాన్నే మళ్లీ అచ్చేసిన్రు. కొత్త పిల్లలు గుర్తుపట్టాలె గద, అందుకని ఎర్ర రంగు వేసిన్రు. ఇది మలి అచ్చు. సిటీ ఫుట్‌పాత్‌ల మీద చవకగా దొరుకుతది. అసలుది ఎక్కడా దొరకదు.”

సేటు భార్య సుమిత్రమ్మ లోపలినుంచి ఆ ఎర్ర గొంగడి పుస్తకం తెచ్చి ఇచ్చింది. ముకుందం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. కాగితం పాతగా కనిపించడానికి ఎవరో టీ డికాక్షన్ పూసినట్టున్నారు. మొదటి పేజీ పైమూల పసుపు, దాని మీద కుంకుమ బొట్టు.

“ఇదేమిటమ్మా?”

“ప్రతి దసరాకు దుకాణంల పుస్తకాలకు పూజ చేస్త అయ్యా. మొదటి కాగితానికి బొట్టు పెడ్త. మా అత్తగారి నాటి నుంచి ఉన్నదే.”

ముకుందం లేచి తాళ్ల మీది పుస్తకాలు నాలుగైదు తెరిచి చూశాడు. అన్నిటికీ బొట్టు ఉంది. వచ్చి కూర్చున్నాడు.

బల్ల చివర ఒక పెద్దమనిషి బొమ్మలు గీసుకుంటూ కనిపించాడు. డ్రాయింగు మాస్టరు ఈశ్వరయ్య. బడి లేదు గనక పొద్దంతా దుకాణంలోనే మకాం.

“ఆ పుస్తకం మీరెప్పుడన్న చేతికి తీసుకున్నరా?”

“ఎందుకు తీసుకోలే? మొదటి పేజీ మొత్తం దింపిన,” అంటూ ఆయన సంచిలోంచి ఒక షీటు తీశాడు. మెచ్చుకోదగ్గ పనితనం. ఆకుపచ్చ గొంగడి, కాగితం మడత, డాక్టరు దొర కొడుకు పెట్టిన సిరా మరక, అన్నీ ఉన్నట్టే గీశాడు. “ఉన్నది ఉన్నట్టు దింపుడే నా పని. ఏదీ చేర్చ, ఏదీ తియ్య.”

ముకుందం ఆ షీటును చాలాసేపు చూసి, భిక్షపతికి ఇచ్చాడు. భిక్షపతి కూడా చాలాసేపు చూశాడు. బొమ్మ బాగుందనుకున్నాడు.

ఇక మిగిలింది నర్సింహులు. సిటీనుంచి పాత పుస్తకాలు తెచ్చి ఇచ్చి, చదివి చదివి నలిగినవి మార్పిడికి పట్టుకుపోయే ఏజెంటు. బంద్ మొదలవడానికి ముందు వచ్చి ఇక్కడే చిక్కుకుపోయాడు. మార్పిడి పుస్తకాల కట్ట ఆయన పక్కనే తాడుతో బిగించి ఉంది.

“సారు, మీరు స్కూటరు మీద మళ్ల మొయినాబాదు పోతరు గద. నన్ను జర ఆడిదాంక దింపున్రి,” అన్నాడు ముకుందం తన దగ్గరికి రాగానే. “ఆడికెల్లి ఎట్లనో గట్ల సిటీ చేర్త.”

“దింపుతం. ఆ పుస్తకం అడుగుతున్న సిటీ ఆసామి నీకు తెలుసా?”

“నా ద్వారానే అడిగిండు. దాచుడెందుకు? కానీ సేటు నా చేతికి ఎన్నడియ్యలే. కావాల్నంటే అడుగున్రి. దూరంకెల్లి అట్ట చూసుడే, ఒక్క కాగితం తెరిచి చూడలే. ఇగ నేనెట్ల తీస్త?”

“నిజమే,” అన్నాడు సేటు. “వీనికి చూపిస్తే వదలడని నేనే ఇయ్యలే.”

“ఈ దుకాణం పుస్తకాలు సిటీల బాగనే పోతయా?”

“ఏం పోవుడు సారు, అన్నిటికీ ఈ పసుపే. గిదేం మరక అని కొనేటోళ్లు నన్ను తిడ్తరు. అమ్మకు ఎన్నోసార్లు చెప్పిన, వినదు.”

సుమిత్రమ్మ మూతి తిప్పుకుంది.

“నిన్న అందరూ దుకాణం విడిచిన వేళ ఏదన్న ఉన్నదా?” అని ముకుందం అడిగాడు.

స్వామిదాసు చెప్పాడు. “ఊరేగింపు వచ్చినప్పుడు సారు. జై తెలంగాణ అనుకుంటూ కాలేజీ పిల్లలు వస్తుంటే అందరం రోడ్డు మీదికి ఉరికినం. నేను పుస్తకం తాడు మీద పెట్టే పోయిన. వచ్చి తెరిస్తే ఎర్ర గొంగడి.”

“నేను గూడ ఉరికిన,” అన్నాడు నర్సింహులు.

“నేనూ,” అన్నాడు ఈశ్వరయ్య. ఊరేగింపు చూడలేదని ఆ రోజుల్లో ఎవరొప్పుకుంటారు?

ముకుందం సుమిత్రమ్మను లోపలికి పిలిచి ఒక్క ప్రశ్న అడిగాడు. ఆమె చెప్పిన జవాబు విని, తల ఊపి, బయటికొచ్చాడు.

ఎండ చల్లబడుతుండగా అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టాడు. విమలమ్మ తమ్ముడి భుజం పట్టుకుని నిలబడింది. ఎస్సై వస్తాడన్న భయంతో ఆమె చూపు రోడ్డు మీదే ఉంది.

“ఊరేగింపు ఎంతసేపు పోతది? జరంతసేపు,” ముకుందం మొదలుపెట్టాడు. “ఆ కాస్తలో డికాక్షన్ పూసి ఆరబెట్టి, ఖాకీ అట్ట వేసుడు కాదు. దొంగ అన్నీ ముందే తయారు చేసి పెట్టుకున్నడు. రోడ్డు మీద లొల్లి మొదలు కాంగనే ఒకటి తీసి ఒకటి పెట్టిండు. తీసినదాన్ని తెరిచి చూసే తీరిక లేదు. ఇంత తెలివైనోడు గూడ తప్పు చేసిండు.”

“ఎర్ర గొంగడి,” అన్నాడు భిక్షపతి.

“అది రెండో తప్పు. మొదటి తప్పు ఇది.” ముకుందం నకిలీ పుస్తకం తెరిచి బొట్టు మీద వేలు పెట్టాడు. “భిక్షపతీ, మాస్టరుగారి బొమ్మ తియ్యి. మడత ఉన్నది, మరక ఉన్నది. బొట్టు ఏది?”

భిక్షపతి షీటును అటూ ఇటూ తిప్పాడు. “లేదు సారు. పొద్దున ఇంతసేపు చూసిన గద, నాకెందుకు కనిపించలే?”

“లేనిదాన్ని చూసుడు కష్టం. మాస్టరు చేర్చడు, తియ్యడు. అంటే అసలు పుస్తకానికి బొట్టు లేనే లేదు. సుమిత్రమ్మా, నాతో చెప్పింది ఇప్పుడు అందరికీ చెప్పమ్మా.”

సుమిత్రమ్మ కొంగు సవరించుకుంది. “ప్రతి దసరాకు అన్నిటికీ పెట్టిన. అది చేతికి రాంగనే ఆగిన. అది విమలమ్మ ఇంటినుంచి వచ్చింది. వాళ్లు ఏసుప్రభువును కొలిచేటోళ్లు. వాళ్లు ప్రేమతో ఇచ్చినదానికి నా బొట్టు పెడితే ఆ పిల్ల మనసుకు ఎట్లుంటదో అని పెట్టలే. కండ్లకద్దుకొని పక్కకు పెట్టిన.”

విమలమ్మ ఆమె వైపు చూసింది. ఈ సంగతి ఆమెకు ఇప్పటిదాకా తెలియదు.

“స్వామిదాసు రోజూ మొదటి పేజీ తెరుస్తడు. వాడే నకిలీ చేస్తే బొట్టు పెట్టడు. నిన్న ఎర్ర రంగు చూసిన గాబరాల, అన్ని పుస్తకాలకున్న బొట్టే గద అని దాని మీద వాని ధ్యాస పోలే. మాస్టరు దాన్ని గీతగీతా దింపిండు, ఆయనా పెట్టడు. సేటు, ఆయన భార్య సంగతి చెప్పనక్కర్లేదు. బొట్టు పెట్టినోడు ఈ దుకాణం పుస్తకాలన్నిటికీ పసుపు ఉంటదని బాగ తెలిసినోడు, ఈ ఒక్క పుస్తకం తెరిచి చూడనోడు.” ముకుందం పక్కకు తిరిగాడు. “ఒక్క కాగితం తెరవలేదని నువ్వే చెప్తివి గద నర్సింహులూ.”

నర్సింహులు నవ్వబోయాడు. “మంచిగున్నది. బొట్టు పెట్టినోడు నేనే అని బొట్టు చెప్పిందా? పుస్తకం నా దగ్గరుంటే చూపెట్టున్రి.”

“భిక్షపతీ, ఆ కట్ట విప్పు.”

“అవి సేటు స్వయంగ ఇచ్చిన మార్పిడి పుస్తకాలు,” నర్సింహులు లేచాడు. అప్పటికే తాడు విడిపోయింది. భిక్షపతి ఒక్కొక్క అట్ట తెరిచి చూపించసాగాడు. పసుపు. పసుపు. పసుపు. కట్ట మధ్యలో ‘చందమామ కథలు’ అని సిరాతో రాసిన అట్ట ఒకటి వచ్చింది. తెరిస్తే మూల శుభ్రంగా ఉంది. దాని కింద ఆకుపచ్చ గొంగడి కప్పుకుని రాతి కెప్టెన్ గాలిలోకి లేస్తున్నాడు.

నర్సింహులు కూర్చుండిపోయాడు. “సిటీ ఆయన పట్టుబట్టిండు,” అన్నాడు నేల చూస్తూ. “పిల్లగాని మీదికి పోతదనుకోలే.”

“పోయినంక నోరెందుకు తెరవలే?” అంది విమలమ్మ.

ఎస్సై వచ్చాడు. వచ్చినవాడు స్వామిదాసును గాక నర్సింహుల్ని తీసుకుని పోయాడు. జీపు దుమ్ము అణిగాక కూడా రామలింగం సేటు బల్ల దగ్గరే నిలబడి ఉన్నాడు. అసలు పుస్తకాన్ని తుడిచి, రెండు చేతులతో స్వామిదాసుకు చాపాడు.

“తప్పైంది బిడ్డా. దీన్ని మీ ఇంటికే తీస్కపో. దుకాణంల మాత్రం నువ్వు లేకుండ నాకు నడవది.”

స్వామిదాసు పుస్తకం అందుకున్నాడు. జవాబు సుమిత్రమ్మ నోటినుంచి వచ్చింది. “వాళ్లింటి కాగితానికి మర్యాద చేసినమని మురిసిన. వాళ్లింటి పిల్లగాణ్ని దొంగ అంటుంటే మాత్రం తలుపు చాటుకు నిలబడి విన్న. నాకు సిగ్గయితున్నది విమలమ్మా.”

విమలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. కన్నీళ్లు ఇద్దరికీ వచ్చాయి.

“నేనిగ ఇక్కడ పని చెయ్య సేటు,” అన్నాడు స్వామిదాసు మెల్లగా. “ట్రైనింగుకు పోత. కానీ నిన్న కథ సగంల ఆగింది. అది పూర్తి చేసి పోత.”

బల్ల మీద కూర్చుని పుస్తకం తెరిచాడు. పిల్లలు తోసుకుంటూ వచ్చి చుట్టూ చేరారు. గొంగడి మళ్లీ ఆకుపచ్చగా ఉందని ఒకరికొకరు చూపించుకున్నారు. ఏళ్ల తరబడి ఆ పుస్తకాన్ని కాపాడుకున్నాడే గాని, రామలింగం సేటు అందులో కథ ఏమిటో ఎన్నడూ వినలేదు. ఆ సాయంత్రం పిల్లల వెనకాల నేల మీద చతికిలబడి, చివరిదాకా విన్నాడు.