చేపల కూరకు అడిగిన కరెంటు

హైమావతి మూడోసారి మీట నొక్కినా పొయ్యి వెలగలేదు. గోడకున్న వాటాపెట్టె మర్యాదగా జవాబిచ్చింది: "ఈ పూట మీ వాటా అయిపోయింది."

కడిగిన బియ్యం గిన్నె ఆమె చేతిలోనే ఉండిపోయింది. పక్కింటి కొమురయ్య తెల్లవారుజామున గుండె ఆగి పోయాడు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగువాళ్లే వండి తీసుకెళ్తారు. గోదావరిఖనిలో బొగ్గు తవ్వడం ఆగిపోయింది, గ్యాస్ బండలూ కట్టెపొయ్యిలూ ఏనాడో మాయమయ్యాయి, ఈ ఆచారం మాత్రం పోలేదు.

ఒకప్పుడు ఏ ఇల్లు ఎప్పుడెంత వాడుతుందో తెలియక, ఎందుకైనా మంచిదని కొన్ని కరెంటు ప్లాంట్లను ఊరికే మండిస్తూ ఉంచేవారు. ఆ ఖర్చంతా జనం బిల్లుల్లోనే పడేది. కరెంటు దాచుకుందామంటే బ్యాటరీలు అంతకన్నా భారం. అందుకని వాటాపెట్టెలు వచ్చాయి. రేపు ఏం వండుతారో, ఏం ఉతుకుతారో రాత్రే పెట్టెకు చెప్పాలి. చెప్పినంతే కరెంటు పుడుతుంది, అంతే ఇంటికొస్తుంది. బిల్లులు తగ్గాయి, పొగగొట్టాలు చల్లారాయి. ఆ నియమాలు రాసినవాళ్లలో హైమావతి ఒకతె. అందుకు ఆమెకు గర్వంగానే ఉండేది.

ఎదురింటి రాజవ్వ పరుగున వచ్చింది. "హైమక్కా, మా పొయ్యి గూడ గంతే. వాడకట్టుల ఎవ్వరిదీ వెలుగుతలేదు. కొమురయ్య మనుమలు పొద్దటి సంది ఏం తినలే. గుక్కపట్టి ఏడుస్తున్నరు."

హైమావతి కరెంటు కేంద్రానికి ఫోన్ చేసింది. డ్యూటీలో ఉన్నది ఆమె కింద పనిచేసే సుదర్శన్.

"ఆసుపత్రికైతే అదనంగా ఇవ్వొచ్చు మేడమ్. పక్కింటి చావుకు నియమం లేదు. మీకు తెలియనిది కాదు." లెక్క చూసి మళ్లీ అన్నాడు, "ఆ ఇంటి వాటా వాడకుండా అలాగే ఉంది. మామూలుకన్నా ఎక్కువే ఉంది. వాళ్లనే వండుకోమనండి."

ఆ మాట ఏ నోటితో చెప్పగలదు? ఖాళీ చేతులతో రాజవ్వ వెంట పక్కింటికి వెళ్లింది. కొమురయ్య భార్య మల్లవ్వ శవం తలాపున కూర్చుని ఉంది. రాజవ్వ గుసగుసగా చెప్పిందంతా విని, మెల్లగా లేచింది.

"వద్దత్తా," అంటూ కోడలు చెయ్యి పట్టుకుంది.

"ఇడువు బిడ్డా. పోరగాండ్లు ఆకలికి ఆగుతరా?"

"నేను వండుతాను మల్లక్కా," అంది హైమావతి.

"నా ఇంటి పొయ్యి. దోషమైతే నాకే కానియ్యి."

మీట నొక్కగానే పొయ్యి ఎర్రబడింది. మల్లవ్వ ఎసరు పెట్టి అలాగే నిలబడింది. "రాత్రి పెట్టెకు ఆయనే చెప్పిండు. రేపు చేపల కూర చేస్కుందాం, పొయ్యి ఇంకింత సేపు కావాలె అన్నడు." ఆ మాట పూర్తి కాకుండానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుమిలిపోయింది.

పిల్లలకు ఆ అన్నం వడ్డించింది హైమావతే. వాళ్ల నాయనమ్మ ముఖంలోకి చూడటానికి మాత్రం ఆమెకు ధైర్యం చాలలేదు.

సాయంత్రం ఆమె ఇంట్లో పెట్టె పలికింది: "మీ వీధి ఇవాళ అడిగినదానికి మించి వాడలేదు. అభినందనలు. రేపటికి ఏం కావాలి?"

రేపు ఈ వాడకట్టులో ఎవరింట్లో పొయ్యి వెలగకూడదో హైమావతికి మాత్రం ఏం తెలుసు?