ఎడమకన్నుకే ఎందుకు?

అనసూర్య ఎడమకన్ను వాచి మూసుకుపోయింది. డాక్టరు రెప్ప ఎత్తి చూపించాడు. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ.

1983 జులై. హన్మకొండలో ఒక కంటి క్లినిక్. ఉదయం తొమ్మిదిన్నర.

"ఇది మర్డరే సారూ! నా బిడ్డ కన్నును మర్డర్ చేసిండ్రు!"

కొత్తవాడ నేతకారుడు లింగమూర్తి ఎస్సై వెంకట్రాజం చెయ్యి పట్టుకుని వదలడం లేదు. వెంకట్రాజం సర్వీసులో కన్ను మర్డరైన కేసు ఇదే మొదటిది. లోపల ఆ పిల్ల మూలుగు వినబడకపోతే నవ్వేసేవాడే.

అనసూర్య వాలీబాల్ ఆడుతుంది. స్టేట్ టీముకు సెలెక్టయింది. కళ్లద్దాలు తీస్తే బంతి మాట దేవుడెరుగు, నెట్టు కూడా కనబడదు. అందుకే కాంటాక్ట్ లెన్సులు పెట్టించుకుంది. వాటిని కడిగే మందు ఇక్కడ దొరకదు. హైదరాబాదు నుంచి తెచ్చిచ్చింది స్నేహితురాలు విమల. అనసూర్య ఆడలేకపోతే టీములో ఆ చోటు విమలదే.

"మందుసీసాల యాసిడ్ కలిపింది సారూ. దాన్ని లోపలెయ్యుండ్రి!"

డాక్టర్ జయరాజు ఎస్సైని పక్కకు పిలిచాడు.

"అరెస్టు సంగతి తర్వాత. కంట్లో పడింది రసాయనమా, పట్టింది క్రిమా? ముందు అది తేల్చండి."

"తేలకపోతే?"

"రసాయనమైతే స్టెరాయిడ్ చుక్కలు వేయాలి. క్రిమి అయితే ఆ చుక్కలే కన్నును తినేస్తాయి. నాకు క్రిమి అనే అనుమానం. కానీ తండ్రి యాసిడ్ అని ఒట్టు పెడుతున్నాడు. ల్యాబ్ రిపోర్టు ఎల్లుండి గానీ రాదు. మచ్చ పెరుగుతోంది. సాయంత్రం దాటితే ఏ మందు వేసినా దండగే."

దొంగను రేపు పట్టుకోవచ్చు. కన్ను రేపటిదాకా ఆగదు.

లోపలికి వెళ్లి స్టూలు లాక్కున్నాడు.

"లెన్సులు ఎట్ల పెట్టుకుంటవు బిడ్డా?"

అనసూర్య పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "సబ్బుతోని చేతులు కడుగుత. సాఫు బట్టతోని తుడుస్త. రెండు లెన్సులు మందుతోని కడుగుత. కుడిది పెట్టుకుంట. మళ్ల ఎడమది."

"నల్లా నీళ్లు తగులుతయా?"

"తగలనియ్య. డాక్టర్ సాబు వద్దన్నడు."

"పెట్టుకోని పండుకుంటవా?"

"లే సారూ. తీసే పండుకుంట."

"రెండు కండ్లకు ఒక్కటే సీసానా?"

"ఒక్కటే."

"విమల కలిపిందంటవా?"

"ఏమో సారూ... కావచ్చు."

తలుపు తెరిచే ఉంది. వరండాలో బెంచీ మీద కూర్చున్న విమల ఆ మాట విన్నది. తల దించుకుంది.

వెంకట్రాజం బయటికొచ్చి ఆమె ముందు నిలబడ్డాడు.

"సీసా సీలు ఎవరిప్పిండ్రు?"

"అనసూర్యనే ఇప్పుకున్నది సారూ."

"అది ఆడకుంటె జాగ నీకే గద?"

"నాకే సారూ."

దాపరికం లేదు. తనకు నష్టమైన మాట కూడా సూటిగా చెప్పింది. దొంగయితే ఒక్క అబద్ధమైనా ఆడాలి కదా! పైగా సీసా ఒకటే. అందులో విషముంటే రెండు కళ్లూ పోవాలి. కుడికన్ను నిక్షేపంగా ఉంది. మరి ఎడమకన్నుకే ఎందుకు?

లెన్సు డబ్బీ కోసం లింగమూర్తిని జీపెక్కించుకుని కొత్తవాడ వెళ్లాడు. ఇంట్లో మగ్గం మీద సగం నేసిన జంపుఖానా ఉంది. లింగమూర్తి భార్య భాగ్యమ్మ డబ్బీ తెచ్చిచ్చింది. డబ్బీ అద్దంలా శుభ్రంగా ఉంది.

లింగమూర్తి మగ్గం దగ్గర కూలబడి విమలను తిడుతూనే ఉన్నాడు. పడుగులో ఒక పోగు తెగి వేలాడుతోంది. తిట్టు ఆగలేదు. చేతివేలు మాత్రం నాలుకకు తాకి, పోగును మెలిపెట్టి అతికేసి వచ్చింది.

వెంకట్రాజం కళ్లు చిట్లించాడు. "నోట్ల వేలెందుకు పెట్టినవ్?"

"నేనా? ఎప్పుడు సారూ?"

"ఇప్పుడే పెట్టినవ్ గదయ్యా," అంది భాగ్యమ్మ. "తడి చెయ్యంది పోగెట్ల అతుకుతది సారూ? మా ఇంట్ల అందరం గంతే."

"అనసూర్య గూడ?"

"చిన్నప్పటి సంది మగ్గం మీదనే పెరిగింది గద."

"ఇద్దరు జీపెక్కుండ్రి. జల్ది!"

క్లినిక్‌లో అందరినీ ఒకే గదిలో నిలబెట్టాడు. డాక్టరు దగ్గర రెండు పాత లెన్సులు అడిగి తీసుకుని అనసూర్య ముందు పెట్టించాడు.

"కంట్ల పెట్టకు. పెట్టుకున్నట్టు చేసి సూపెట్టు. రోజు ఎట్ల చేస్తవో అట్లనే."

సబ్బు. బట్ట. మందు. మొదటి లెన్సు వేలికంటుకుని కుడికంటి దాకా వెళ్లింది. లెన్సు పెట్టగానే నీరు కారుతుంది కదా, ఆ అలవాటుకొద్దీ కన్ను తుడుచుకుంది. చేతులూ తుడుచుకుంది. రెండో లెన్సు మీద వేలు ఆనించింది. పొడివేలికి లెన్సు అంటలేదు.

వేలు నాలుకకు తాకింది. లెన్సు అంటుకుంది.

"ఆగు! ఇప్పుడేం చేసినవ్?"

"ఏం చెయ్యలే సారూ," అంది అనసూర్య. నిజంగానే ఆమెకు తెలియదు.

"డాక్టర్ గారూ, కుడిదానికి వేలు మందుతో తడిగుంటది. ఎడమదాని దగ్గరికొచ్చేసరికి ఆరుతది. మగ్గం అలవాటు ఆ వేలును నోటికాడికి తోలుతది. యాసిడ్ లేదు, విమల లేదు. తల్లిదండ్రులు నేర్పిన విద్యే ఇది."

"ఎంగిలి! నోట్లో క్రిములు నోటికి అలవాటే. లెన్సు రాసుకుని కంటికి చిన్న గీత పడ్డా చాలు, అక్కడ చేరి తినేస్తాయి." డాక్టరు స్టెరాయిడ్ సీసా నర్సుకిచ్చేసి, మరో సీసా తీశాడు. "క్రిమే. ఇది గంటకొక చుక్క, తెల్లార్లూ వేయాలి. మచ్చ మిగలొచ్చు. చూపు నిలబడుతుంది."

లింగమూర్తి తన వేలు చూసుకుని ఏడ్చేశాడు. "నేనే నేర్పిన సారూ. కేసు లేదు, ఏం లేదు. విమలా, మాఫ్ చెయ్యి బిడ్డా."

"నువ్వన్నదానికి నాకు రందిలేదు బాపూ." విమల మంచం దగ్గరికొచ్చింది. "నువ్వు గూడ నమ్మినవానే?"

అనసూర్య ఒంటికన్నుతో ఆమెను చూసింది. అబద్ధమాడే అవకాశముంది. ఆడలేదు.

"నమ్మిన."

వెంకట్రాజం టోపీ చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. తాను విప్పిన ముడి కేసుదొక్కటే కాదని, ఈ ఇద్దరి స్నేహానిది కూడానని అతనికి అప్పుడు తెలిసింది.

విమల వెళ్లిపోతుందనుకున్నారంతా. ఆమె మూలనున్న కుళాయి దగ్గరికి నడిచింది. సబ్బుతో మోచేతులదాకా కడుక్కుంది. నర్సు ఇచ్చిన బట్టతో తుడుచుకుంది. డాక్టరు చేతిలోంచి మందుసీసా అందుకుంది.

"తల పైకెత్తు," అంది.