ఒక్కసారే పూసే చెట్టు

పొద్దు వాలాక ఆ అద్దాల గదిలోకి ఎవరూ వెళ్ళేవారు కాదు. పెద్ద తోటలో ఓ మూల, అరుదైన మొక్కల కోసం కట్టిన గది అది. మధ్యలో తాటిజాతి చెట్టొకటి — జానెడు పెరగడానికి ఏడాది పట్టే బద్ధకపు చెట్టు. దాని జాతిలో మిగిలింది అదొక్కటేనట. దాన్ని గింజ నుంచి పెంచిన ముసలి తోటమాలి అక్కడే నిచ్చెన మీంచి పడి చనిపోయాడు. అప్పట్నుంచీ చీకట్లో నిచ్చెన కిర్రుమంటోందని కాపలావాడు కనబడ్డ వాళ్ళందరికీ చెప్పాడు. వాడి మాటకేం గానీ, మా పిన్ని అబద్ధమాడే మనిషి కాదు.

ముసలాయన పని, ఆయన దగ్గరే పని నేర్చుకున్న పిన్ని చేతికొచ్చింది. ఆ ఏడాదే చెట్టు పూతకొచ్చింది. అది బతుకులో ఒక్కసారే పూస్తుంది, ఆ తర్వాత ఎండిపోతుంది. ముందు మగపూలు విచ్చుకుంటాయి. నెల తర్వాత ఆడపూలు — అదీ ఒక్క రాత్రికే. అందుకని మగపూల పుప్పొడి దాచిపెట్టి, కుంచెతో ఆడపూలకి అద్దాలి. కాయ పట్టలేదా, ఆ జాతి అంతటితో సరి.

పిన్ని దాచింది. కానీ తొందరలో సరిగ్గా ఆరబెట్టకుండానే సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేసింది. నెల తర్వాత, ఆడపూలు విచ్చుకున్న రాత్రి మూత తీసి చూస్తే... అంతా బూజు.

నా చేతులు పడిపోనూ అని తిట్టుకుంటూ చెట్టు మొదట్లో కూలబడి ఏడ్చిందట.

అప్పుడు... కిర్రు.

గోడ దగ్గరుండాల్సిన నిచ్చెన చెట్టుకి ఆనించి ఉంది. ఎవరు జరిపారో తెలీదు. మెట్టు మెట్టుకీ కిర్రు... కిర్రు... పైపైకి పోతోంది. పిన్నికి పై ప్రాణాలు పైనే పోయాయి.

పైనుంచి గుసగుసగా —

"నిచ్చెన పట్టుకో, తల్లీ."

పట్టుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులా, తెల్లారేదాకా పట్టుకుంది. చప్పుడు ఆగాక చూస్తే పైన ఎవరూ లేరు. తన జుట్టు నిండా, చేతుల నిండా పసుప్పచ్చటి పొడి.

కాయలు పట్టాయి. చెట్టు ఎండిపోయింది. ఇప్పుడా గదిలో నలభై మొలకలున్నాయి. పుప్పొడి గాలికి కొట్టుకొచ్చి ఉంటుందని తోట అధికారి తేల్చేశాడు. మూసిన గదిలోకి గాలెలా వచ్చిందో, లోకంలో లేని ఇంకో చెట్టు నుంచి పొడెలా వచ్చిందో ఆ మహానుభావుడికే తెలియాలి.

నేనైనా వెంటనే నమ్మానా? అంత భయంలో పారిపోకుండా ఎలా నిలబడ్డావు పిన్నీ అని వేళాకోళమాడాను.

"ఆయన పడిన రోజు ఒంటరిగా లేడు," అంది పిన్ని. "కింద నేనే ఉన్నా. ఇదే మాట అన్నాడు... ఒక్క నిమిషమేగా అని, వదిలేసి టీ తాగడానికి వెళ్ళాను."