చెరువుల మధ్య కారు చప్పుడు

భీమవరం నుంచి ఆకివీడు వెళ్లే రోడ్డులో, ఎడమ పక్కకి దిగే చెరువు గట్టు ఒకటుంది. చీకటి పడ్డాక ఆ గట్టు మీద ఎవరూ అడుగు పెట్టరు.

గట్టు చివర పాపారాజుగారి రొయ్యల చెరువులు. వాటి మధ్యలో రేకుల మోటారు షెడ్డు. తుఫాను ఏడాది చేపల వ్యాను ఒకటి అక్కడే గట్టు జారి నీళ్లలో పడింది. డ్రైవరు ముసలయ్య బయటికి రాలేకపోయాడు. మర్నాడు వ్యాన్ని పైకి లాగితే... అతని చేతులు ఇంకా స్టీరింగు మీదే ఉన్నాయట.

ఆ తర్వాత గట్టు మొదట్లో సిమెంటు దిమ్మలు పాతేశారు. మనిషి దూరుతాడు, సైకిలు దూరుతుంది. అంతే.

రెండువేల మూడు వేసవిలో మొదలైంది. రాత్రి ఏడున్నర, ఎనిమిది అయ్యేసరికి షెడ్డు వైపు నుంచి కారు చప్పుడు... గేరు మారుతుంది. ఇంజను గొంతు పెంచుతుంది. మలుపులో టైర్లు కీచుమంటాయి — ఢామ్మని దేన్నో గుద్దుకుంటుంది. ఓ క్షణం అంతా నిశ్శబ్దం.

మళ్లీ ఇంజను మొదలు!

"చచ్చినోడు రోజూ చస్తన్నాడండీ," అనేవాడు చెరువుల కాపలా చిట్టియ్య. అతను షెడ్డుకి రెండు చెరువుల అవతల మంచం వేసుకున్నాడు. ఆ వేసవి నుంచి పాపారాజుగారి చెరువుల్లో ఒక్క రొయ్య కూడా దొంగతనానికి పోలేదు. చుట్టుపక్కల రైతులు మాత్రం కాపలాలు పెంచుకున్నారు, కుక్కల్ని పెంచుకున్నారు, అయినా పోగొట్టుకుంటూనే ఉన్నారు.

పాపారాజుగారి భార్య సూర్యకాంతమ్మగారు షెడ్డు గుమ్మానికి గుమ్మడికాయ కట్టించింది, నిమ్మకాయలు కట్టించింది. రాజుగారు ఏమీ అనలేదు. పైగా, "దెయ్యం నన్నేం చేస్తుంది?" అని రోజూ రాత్రి ఒక్కరే టార్చి పట్టుకుని చెరువులు చూడ్డానికి వెళ్లేవారు. ఆయన గుండెధైర్యం గురించి ఊరంతా చెప్పుకునేవారు.

ఇదంతా నాకు చెప్పింది విజయ్ పాల్. భీమవరంలో కంప్యూటర్లు బాగుచేసే మనిషి. మూడేళ్లలో మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ ఒకేలా చెప్పాడు. అందుకే నమ్మాను.

ఒకరోజు మధ్యాహ్నం రాజుగారు అతని కొట్టుకి ఫోన్ చేశారు.

"మోటారు షెడ్డులో కంప్యూటర్ ఉందయ్యా. పొద్దున్నుంచీ సరిగ్గా పనిచెయ్యట్లేదు. రాత్రి ఎనిమిదింటికి రా. ఇంటికి రాకు... తిన్నగా షెడ్డుకే రా. ఎవరికీ చెప్పకు."

"రాత్రాండీ?" అన్నాడు విజయ్ పాల్.

"ఏం, భయమా?"

"అబ్బే... మాకు అలాంటి నమ్మకాలు లేవండి," అన్నాడు. వాళ్ల నాన్న లూథరన్ చర్చిలో సంఘపెద్ద. దెయ్యాలకి భయపడ్డాడని తెలిస్తే ఇంట్లో పరువు పోతుంది. అయినా బయల్దేరే ముందు స్క్రూడ్రైవర్ల సంచిలో చిన్న బైబిలు పెట్టుకున్నాడు. సంచిలో చోటుందని పెట్టాడట.

మోపెడ్ రోడ్డు పక్కన ఆపి, దిమ్మల మధ్యనుంచి దూరి, గట్టెక్కాడు. రెండు పక్కలా నల్లటి నీళ్లు. చెరువుల్లో గాలి కొట్టే చక్రాలు తపతపమని నీళ్లని తంతున్నాయి. సెల్‌ఫోన్ తీసి చూస్తే టవరు లేదు. సగం దూరం వెళ్లాడు...

అప్పుడు వినిపించింది.

కారు. ముందెక్కడో దూరంగా... తర్వాత దగ్గరగా. గేరు మారింది. చీకట్లో లైట్లు లేవు, దారి లేదు — కారు మాత్రం వస్తోంది. విజయ్ పాల్ గట్టు అంచుకి జరిగాడు. ఇంకొక్క అడుగు జరిగితే నీళ్లలో ఉండేవాడు. టైర్లు కీచుమన్నాయి...

ఢామ్!

నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒక మగగొంతు, బాధగా —

"ఛీ... మళ్లీ పోయాను."

వెనక్కి పరిగెత్తాలనుకున్నాడట. చీకట్లో గట్టు అంచు ఎటుందో తెలియలేదు. బైబిల్లోని ఇరవైమూడో కీర్తన పైకే మొదలుపెట్టాడు, రెండో వాక్యం గుర్తు రాలేదు. ఇంతలో షెడ్డు తలుపు కిర్రుమని తెరుచుకుంది. లోపల నీలం వెలుగు. ఆ వెలుగులో గుమ్మడికాయ కింద ఒక ఆకారం.

"వచ్చావా విజయ్ పాలూ? గట్టు మీద నిలబడి పాటలేంటయ్యా, లోపలికి రా!"

రాజుగారే.

లోపల మేత బస్తాల మధ్య బల్ల. బల్ల మీద కంప్యూటర్, రెండు పెద్ద స్పీకర్లు. బల్ల అంచుకి బిగించిన నల్లటి స్టీరింగు. కింద క్లచ్చూ బ్రేకుల్లా తొక్కే పెడళ్లు. తెర మీద కొండ రోడ్డు, లోయలో తిరగబడిన ఎర్ర కారు.

విజయ్ పాల్ ఆ స్టీరింగునీ, రాజుగారినీ మార్చి మార్చి చూశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మా ఆవిడ కారు తాళాలు దాచేసిందయ్యా," అన్నారు రాజుగారు, మేత బస్తా మీద కూర్చుంటూ. "చూపు తగ్గిందట. వంతెన గోడకి రెండుసార్లు రాసుకున్నానంతే. నలభై ఏళ్లు నడిపినవాణ్ణి! డ్రైవర్ని పెట్టి నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టింది. అందుకని మద్రాసు నుంచి ఇది తెప్పించుకున్నాను."

"మరి... ఊళ్లో అందరూ దెయ్యం అంటున్నారండి."

"అననీ. నా రొయ్యలు నాకున్నాయి."

ఆయన వెళ్లినప్పుడే ఆ చప్పుడు వస్తోందని ఊళ్లో ఒక్కరికీ తట్టలేదు. దెయ్యం ఆయన్ని చూస్తే రెచ్చిపోతోందనుకున్నారట.

"ఏంటండీ రిపేరు?"

రాజుగారి ముఖం చిన్నబోయింది. "ఈ చక్రానికి ప్రాణం ఉండేదయ్యా. రాళ్ల మీదకెక్కితే చేతులు వణికేవి. మలుపులో తిప్పితే వెనక్కి లాగేది, నిజం కారులాగే. పొద్దున ఒకసారి వచ్చి కూర్చుంటే... ఎడమ సగం చచ్చిపోయింది. కుడి వైపే వణుకు వస్తోంది."

విజయ్ పాల్ పనిలో పడ్డాడు. వైరు పీకి మళ్లీ పెట్టాడు. చక్రం తనంతట తనే ఎడమకీ కుడికీ గిర్రున తిరిగి మధ్యలో ఆగింది. అంటే మోటారు బతికే ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లి, లాగే బలం పూర్తిగా పెంచాడు. పరీక్ష బటను నొక్కి రెండు చేతులా పట్టుకున్నాడు. వణుకు రెండు చేతులకీ సమానంగా వచ్చింది. ఎడమకి లాగింది, కుడికీ లాగింది.

"బానే ఉందండి."

"ఏం బాగు! చూడు..." రాజుగారు పట్టుకున్నారు. "ఇదిగో, ఎడమ వైపు చచ్చిన చేపలా ఉంది."

సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. బల్లకి బిగించిన మరలు విప్పి మళ్లీ బిగించాడు. తను పట్టుకుంటే బాగుంటుంది. రాజుగారు పట్టుకుంటే సగం చస్తుంది.

విజయ్ పాల్‌కి ముసలయ్య గుర్తొచ్చాడు. గాలికి గుమ్మడికాయ ఊగుతోంది...

కానీ చెయ్యి తిరిగిన రిపేరు మనిషి. ఏం తోచనప్పుడు వాళ్లొక పని చేస్తారు — రెండు వైర్లు అటుదిటు, ఇటుదటు మార్చి చూస్తారు. లోపం కూడా వైరుతోపాటు జరిగితే, ఆ లోపం వైరుదే.

"రాజుగారూ, చేతులు మార్చి పట్టుకోండి. కుడి చెయ్యి ఎడమ పక్కకి... ఎడమ చెయ్యి కుడి పక్కకి."

ఆయన మార్చి పట్టుకున్నారు. విజయ్ పాల్ బటను నొక్కాడు.

"ఆ! వచ్చిందయ్యా! ఎడమ వైపు వచ్చేసింది! కుడి వైపు పోయింది గానీ... సగం బాగుచేసేశావు!"

ఆనందంగా నవ్వారు రాజుగారు.

ఆ నవ్వు మూతికి ఒక పక్కకే వచ్చింది. రెండో పక్క కదల్లేదు.

విజయ్ పాల్ స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాడు. వాళ్ల మేనమామకి పక్షవాతం వచ్చిన రోజు సరిగ్గా ఇలాగే నవ్వాడు.

"రాజుగారూ... ఎడమ చెయ్యి ఒకసారి పైకెత్తండి."

ఎత్తబోయారు. భుజం దాకా వచ్చి, వాలిపోయింది. ఆయన ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూశారు. "ఇదే... ఇదేంటయ్యా..." మాట ముద్దగా వచ్చింది.

విజయ్ పాల్ బయటికి పరిగెత్తి గొంతు చించుకుని అరిచాడు. "ఎవరండీ అక్కడా! రండి! రాజుగారూ... రాజుగారు!"

రెండు చెరువుల అవతల మంచం మీద చిట్టియ్య లేచి కూర్చున్నాడు. షెడ్డులో దెయ్యం రాజుగారి పేరు పెట్టి పిలుస్తోంది. చెప్పులు కూడా వేసుకోకుండా లగెత్తాడు — ఊరి వైపు.

ఆ పరిగెత్తే అడుగుల చప్పుడు దూరమవడం విజయ్ పాల్‌కి వినిపించింది. ఆయన్ని ఒక్కర్నీ వదిలి వెళ్లలేడు. మోయలేడు. రాజుగారి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తెర మీద ఎర్ర కారు మళ్లీ మొదలెట్టమని మిణుకుమిణుకుమంటోంది.

"మా ఆవిడకి... చెప్పకు," అన్నారు రాజుగారు, ముద్దగా.

పావుగంట గడిచింది. గట్టు మీద టార్చి లైటు కనిపించింది. ముందు సూర్యకాంతమ్మగారు, కొంగు నడుముకి దోపి. వెనకాల, ఆవిడ చేతిలో చొక్కా కాలరు చిక్కించుకున్న చిట్టియ్య.

"దెయ్యం మా ఆయన్ని పిలిస్తే నేను ఇంట్లో కూర్చోనా? పట్టు, అటు పట్టు!"

స్టీరింగు వైపు కన్నెత్తి చూడలేదావిడ. చిట్టియ్య మంచం తెప్పించి దాని మీద ఆయన్ని పడుకోబెట్టించింది. ముందు చిట్టియ్య, వెనక విజయ్ పాల్. ఆవిడ లైటు పట్టుకుని నడిచింది. దిమ్మల అవతల కారు ఆపించే వచ్చింది. ముప్పావుగంటలో భీమవరం ఆసుపత్రిలో ఉన్నారు.

తెల్లారుతుండగా డాక్టరు బయటికొచ్చాడు. "గండం గడిచిందండి. ఇంకా ఆలస్యమైతే మాట, చెయ్యి రెండూ పోయేవి. చెయ్యి మెల్లగా వస్తుంది. ముందెవరు కనిపెట్టారు?"

విజయ్ పాల్ తల దించుకున్నాడు.

డాక్టరు వెళ్లాక సూర్యకాంతమ్మగారు వచ్చి బల్ల మీద అతని పక్కన కూర్చుంది. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇప్పుడు షెడ్డు సంగతి అడుగుతుంది అనుకున్నాడు. ముందే అబద్ధం అందుకున్నాడు.

"అదేనండీ... చెరువుల్లో గాలి చక్రాలకి కంప్యూటర్ పెట్టించారు. అది చూడ్డానికి—"

ఆవిడ అటూ ఇటూ చూసింది. నర్సు దూరంగా ఉందని నిశ్చయించుకుని అతని చెవి దగ్గరికి వంగింది.

"అది సరే గానీ బాబూ... ఆ కొండ రోడ్డులో మూడో మలుపుంది చూడు. అక్కడ బ్రేకు ముందు తొక్కాలా, తిప్పాక తొక్కాలా? మధ్యాహ్నం ఆయన నిద్రపోయాక రోజూ వెళ్తున్నాను, స్పీకర్లు ఆపేసి. రోజూ లోయలోకే పోతున్నాను."

విజయ్ పాల్ కూడా ఓసారి నర్సు వైపు చూశాడట.

"ముందే తొక్కాలండి," అన్నాడట, గొంతు తగ్గించి.