నీలం గౌను బొమ్మ

మధ్యాహ్నం రెండుకు నాలుగు నిమిషాలుండగా చేతులు సబ్బుతో కడుక్కుని, రుమాలుతో తుడుచుకుని, మూడో గది తెర తీశాను. పనిలో చేరాక ఆ రోజు ఇరవై ఏడోది.

ఇరవై మూడేళ్లు పత్రికలో ప్రూఫులు దిద్దినవాణ్ణి. పత్రిక మూతపడ్డాక దొరికిన పని ఇది. ఆన్‌లైన్ లోకంలో ఒక హోటలు ఉంది. అందులో నీలం గౌను బొమ్మ ఒకటి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి కబుర్లాడుతుంది. దాన్ని ఆడించేది ఇద్దరం. పొద్దున్నుంచి రెండు దాకా అక్క, ఆ తర్వాత నేను. గొంతును యంత్రం మార్చేస్తుంది కాబట్టి నా మీసాల సంగతి ఎవరికీ తెలియదు.

అక్కంటే తోడబుట్టింది కాదు. నాకంటే ఆరేళ్లు పెద్దది, అద్దె గదిలో ఒంటరిగా ఉండే మనిషి.

ముప్పై రోజులు బొమ్మ ఆగకుండా నడిస్తే ఇద్దరికీ పర్మినెంటు. కస్టమర్ల ముందు ఒక్కసారి కట్టెలా నిలబడిపోయిందా, ఇద్దరం ఇంటికే. అందుకే చీకటి గదిలో ఆమె కుర్చీ వెనక నిలబడి, ముందు ఆమె చేతుల్లోంచి బొమ్మను ఆడించే పిడులు అందుకుంటాను. ఆమె పక్కకు జరుగుతూ తన కళ్లకు కట్టుకున్న హెడ్‌సెట్ తీసి నా తలకు తొడుగుతుంది. దాని అంచు స్పాంజి ఆమె చెమటతో వెచ్చగా ఉంటుంది. అలవాటైంది. డ్యూటీ దిగేటప్పటికి కళ్ల చుట్టూ ఎర్రటి గుర్తు పడుతుంది, అరగంటలో పోతుంది.

ఇరవై రెండో రోజున ఆమె విపరీతంగా దగ్గింది.

"డాక్టరు దగ్గరికి వెళ్లరాదా అక్కా."

"వెళ్తే బొమ్మను నీ బాబు ఆడిస్తాడా, ఎడిటరూ? ఎనిమిది రోజులేగా. లాగేస్తాలే."

మర్నాటి నుంచి ఆమె మాట్లాడలేదు. గొంతు దాచుకుంటోందనుకున్నాను. స్పాంజి మాత్రం రోజురోజుకీ చల్లబడింది.

ఇరవై ఏడో రోజున పిడులు జిగటగా ఉన్నాయి. ఆమె వేళ్ల మీద నా వేళ్లు జారాయి. ఆమె చర్మం కూడా నాతో పాటే కొంచెం జారింది. పూలు కుళ్లిన కూజా నీళ్ల వాసన.

హెడ్‌సెట్ ముఖానికి అతుక్కుంది. చిక్కగా ఏదో ముక్కు పక్కనుంచి జారి పై పెదవి మీద ఆగింది. తియ్యగా ఉంది.

ఎదురుగా కస్టమరు. నవ్వాలి. నవ్వాను.

చెవి దగ్గర...

"ఆగిందా...?"

"లేదక్కా," మైకు ఆపి అన్నాను.

"ఇంకా ఎన్ని...?"

"మూడు."

మాట వినబడింది. ఊపిరి తగల్లేదు.

నేను తల తిప్పితే బొమ్మా తిప్పుతుంది. తిప్పలేదు. ఉద్యోగం కోసమే తిప్పలేదు.

హోటలు మూశాక స్పాంజి వెలుతురులో చూశాను. ఉల్లిపొరంత పల్చటి ముక్క ఒకటి అంటుకుని ఉంది. దాని మీద రెండు కనుబొమ్మ వెంట్రుకలు. బయటికి పరిగెత్తి కక్కుకున్నాను. ముఖం మూడుసార్లు కడుక్కుని మా సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాను. ఆయన్ని అందరం మేస్త్రి అంటాం.

"ఆ హెడ్‌సెట్ మార్చండి."

"కొత్తది బిగించాలంటే ఒక పూట బొమ్మను ఆపాలి. మూడు రోజులు ఓర్చుకోవయ్యా. మీ అక్కను చూసి నేర్చుకో. ఈ వారమంతా ఒక్క దగ్గు లేదు."

రుమాలుతో స్పాంజి తుడిచాను. మిగిలిన మూడు రోజులూ కళ్లు మూసుకుని అదే తొడుక్కున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఆ రుచి కంటే నాకు ఇదే ఎక్కువ రోత.

బొమ్మ ఆగలేదు. ముప్పై ఒకటో రోజున అక్క రాలేదు. ఆమె పర్మినెంటు కాగితం పట్టుకుని మేస్త్రీ నేనూ ఆమె గదికి వెళ్లాం. లోపల గడియ. ఇంటి యజమానులు తలుపు పగలగొట్టారు.

చనిపోయి తొమ్మిది రోజులైందని డాక్టరు చెప్పాడు. తర్వాత వంగి, ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"చనిపోయాక ఈమె కళ్లకు ఏం కట్టారు?"

ముఖమంతా నల్లబడి కరిగిపోయింది. కళ్ల చుట్టూ స్పాంజి ఆనే మేర మాత్రం చర్మం ఎర్రగా ఉంది. చెమట ఇంకా ఆరలేదు.